ఫ్లెక్సీ మీద రాయని లెక్క

ఏప్రిల్ 14కి మా కాలేజీ గేటు దగ్గర పిల్లలు ఫ్లెక్సీ కట్టారు. నీలం కోటు, చేతిలో పుస్తకం, పక్కన డిగ్రీల జాబితా. ఎం.ఏ., పీహెచ్.డి., ఎం.ఎస్సి., డి.ఎస్సి., బార్-ఎట్-లా. సభలో మాట్లాడిన ప్రతి ఒక్కరూ ఆ జాబితానే చదివారు. నేనూ చదివాను. సభ అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతి దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

"మేడం, ఆయన అన్నేళ్లు బయటి దేశాల్లో చదువుకుంటుంటే ఇల్లెలా గడిచింది?"

ఆ అమ్మాయి తల్లి మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లయింది. అందుకే ఆ ప్రశ్న ఆమెకి తట్టింది. మైకు పట్టుకున్న మా ఎవరికీ తట్టలేదు. ఈ సీరీస్‌లో ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నాను. దాన్ని పక్కనపెట్టి ఆ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మ 1998లో కువైట్ వెళ్లింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా గోదావరి జిల్లాల మాల, మాదిగ పేటల్లో ఇది కొత్త కథ కాదు. మా అమ్మమ్మ తరానికి అది "రంగం పోవడం". రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు. అక్కడ మేస్త్రీ ముందు ఓడ ఖర్చు పెట్టుకుని, తర్వాత కూలిలోంచి కోసుకునేవాడు. మా అమ్మ కాలానికి ఓడ పోయి విమానం వచ్చింది. మేస్త్రీ పోయి ఏజెంట్ వచ్చాడు. అప్పు మాత్రం అలాగే ఉంది. నలభై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకి పన్నెండు వందలు వడ్డీకే.

అమ్మ జీతం నలభై దినార్లు. అప్పట్లో దినార్ నూట ముప్పై అయిదు రూపాయల దాకా ఉండేది. అయిదు వేల నాలుగు వందలన్నమాట. మొదటి రెండు నెలల జీతం ఇంటికే రాలేదు. అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి పద్దు రాసే పని నాది. అరవై పేజీల నోటు పుస్తకంలో ఎడమ పక్క "అమ్మ పంపింది", కుడి పక్క "ఇచ్చింది". వడ్డీ, బియ్యం, కిరసనాయిలు, తమ్ముడి మందులు, నా ఫీజు, చీటీ. అమ్మకి అక్కడేమైనా ఖర్చుంటుందని మాకెప్పుడూ తోచలేదు. సబ్బుకి, ఉత్తరానికి, కాలు బెణికితే మందుకి ఆమె ఏం చేసిందో ఆ పుస్తకంలో లేదు. సంసారం రెండు దేశాల్లో ఉంది, పద్దు మాత్రం ఒక దేశానిదే రాశాం.

చాలా ఏళ్ల తర్వాత పీహెచ్.డి. హాస్టల్లో బాబాసాహెబ్ జీవితచరిత్రలు చదువుతున్నప్పుడు నాకు ఆ నోటు పుస్తకం గుర్తొచ్చింది. మా ఇంట్లో దూరాన ఉన్న మనిషి పద్దు రాయలేదు. ఆయన చరిత్రలో ఇంట్లో ఉన్న మనిషి పద్దు సరిగ్గా రాయలేదు. ఆ రెండో పద్దు రాసే ప్రయత్నమే ఇది.

మొదట ఆయన తండ్రి సుబేదార్ రామ్‌జీ సక్పాల్ దగ్గర మొదలుపెట్టాలి. సైన్యం నుంచి రిటైరయ్యాక ఆయన పెన్షన్ నెలకి 50 రూపాయలు. కొడుకు పుస్తకం కావాలంటే పెళ్లయిన కూతుళ్ల ఇళ్లకి వెళ్లేవారు. చేతిలో డబ్బుంటే తెచ్చేవారు, లేకపోతే వాళ్ల నగ తెచ్చి తాకట్టు పెట్టేవారు. పెన్షన్ వచ్చాక విడిపించి తిరిగి ఇచ్చేవారు. అంటే ఆ చదువుకి మొదటి పూచీకత్తు అక్కల మెడలో ఉంది. 1913 ఫిబ్రవరిలో రామ్‌జీ చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో బరోడా సంస్థానంతో స్కాలర్‌షిప్ ఒప్పందం కుదిరింది. జూలైలో భీమ్‌రావ్ న్యూయార్క్‌లో దిగారు. ఇక్కడ బొంబాయిలో రమాబాయి, కొన్ని నెలల పసివాడు యశ్వంత్, ఉమ్మడి కుటుంబం. పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ చాల్‌లో చిన్న గదులు.

రమాబాయి ఎవరు? కొంకణ్‌లో దాభోళ్ రేవు దగ్గర చేపల గంపలు మోసిన భికు ధోత్రే కూతురు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే బొంబాయిలో మేనమామ, చిన్నాన్నల పంచన పెరిగిన పిల్ల. లోటు బడ్జెట్ అంటే ఏమిటో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్కాలర్‌షిప్ నెలకి పదకొండున్నర పౌన్లు, మూడేళ్లకి. పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. ఆ రోజుల్లో రూపాయి విలువ 1 షిల్లింగు 4 పెన్నీలు, అంటే పౌనుకి 15 రూపాయలు. కాబట్టి స్కాలర్‌షిప్ సుమారు 172 రూపాయలు. బొంబాయి చాల్‌లోంచి చూస్తే అది పెద్ద డబ్బు. న్యూయార్క్‌లో మార్చుకుంటే సుమారు 56 డాలర్లు. గది, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ అందులోనే. ఇంటికి పంపాల్సిందీ అందులోనే. అందుకే కప్పు కాఫీ, రెండు మఫిన్లు, ఒక ప్లేటు మాంసమో చేపో తిని సరిపెట్టుకున్నారని ఆయన జీవితచరిత్ర రాసిన ధనంజయ్ కీర్ చెప్తారు. మిగిలింది పాత పుస్తకాల దుకాణాలకి పోయింది. సుమారు రెండు వేల పాత పుస్తకాలు కొన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒకే డబ్బు రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. పంపేవాడికి అది కడుపు మాడ్చుకున్న డబ్బు. అందుకునే చోట అది "ఫారిన్ డబ్బు". మా పేటలో కూడా అంతే. "మీ అమ్మ కువైట్‌లో ఉందిగా" అని కిరాణా కొట్టువాడు అప్పు రాసుకునేవాడు, ధరకి ఒక రూపాయి ఎక్కువేసేవాడు.

1916లో న్యూయార్క్ నుంచి లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. అక్టోబర్ 1917 నుంచి నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తి చేయవచ్చని యూనివర్సిటీ అనుమతి ఇచ్చింది. ఆయన ఒక ఓడలో వచ్చారు, సామాను ఇంకో ఓడలో వేశారు. యుద్ధకాలం. సామాను ఓడని టార్పెడో ముంచేసింది. దానికి నష్టపరిహారంగా 600 రూపాయలు వచ్చాయి. ఆ డబ్బులోంచే ఇంటి ఖర్చుకి రమాబాయి చేతిలో పెట్టి, మిగతాది దారి ఖర్చుకి ఉంచుకుని బరోడా ఉద్యోగానికి వెళ్లారు. ఎన్నో రాత్రుల కష్టం సముద్రం అడుగుకి పోతే, దాని ఖరీదు కొన్నాళ్లు ఇంట్లో బియ్యం అయింది.

బరోడాలో ఏమైందో మీరంతా చదివే ఉంటారు. విదేశాల్లో చదివొచ్చిన అధికారికి ఊళ్లో అద్దెకి ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో రోజుకి రూపాయిన్నర ఇచ్చి, పార్శీ పేరు చెప్పుకుని ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న మనుషులొచ్చి వెళ్లగొట్టారు. మనం దీన్ని అవమానం కథగా చెప్పుకుంటాం. అవమానమే. దాంతోపాటు అది ఒక కుటుంబానికి నెల జీతం పోయిన కథ కూడా. బొంబాయికి తిరిగొచ్చి ట్యూషన్లు చెప్పారు. షేర్ల వ్యాపారులకి సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. సలహా చెప్పేది అంటరానివాడని తెలిశాక గిరాకీలు రావడం మానేశారు. కుల వ్యవస్థ మన ఇంటి బడ్జెట్‌లో ఏ పద్దు కింద వస్తుందని ఎవరైనా అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి. ఖర్చు వైపు కాదు, అది ఆదాయం వైపే కోత కోస్తుంది.

1918 నవంబర్‌లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం. నెలకి 450 రూపాయలు. ఇప్పుడైనా మంచి ఇంటికి మారవచ్చు. మారలేదు. అదే చాల్, అదే వంటగది. ఎందుకంటే లండన్ ఇచ్చిన నాలుగేళ్ల గడువు నడుస్తోంది. జీతంలో ఇంటికని ఇంత అని తీసి రమాబాయికి ఇచ్చేవారు, మిగతాది లండన్‌కి దాచేవారు. రమాబాయి నెల డబ్బుని ముప్పై పొట్లాలు కట్టి రోజుకొకటి విప్పేవారని మరాఠీ దళితుల ఇళ్లల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. పేడ ఏరి పిడకలు చేసేవారని కూడా చెప్తారు. ఇవి జనం నోట నిలిచిన మాటలు. కానీ 450 జీతంలో చాల్‌లోనే ఉండి ఇంగ్లండ్ ప్రయాణానికి డబ్బు మిగిలిందంటే, ఆ మిగులుని ఎవరో రోజూ చేత్తో సాధించారు. ఆర్థికశాస్త్రంలో దాన్ని పొదుపు అంటారు. పొదుపు చేసిన మనిషి పేరు మాత్రం ఆ శాస్త్రంలో ఉండదు.

1920 జూలైలో మళ్లీ లండన్. ఆ పొదుపు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, న్యూయార్క్ నాటి స్నేహితుడు నవల్ భథేనా దగ్గర తీసుకున్న 5,000 రూపాయల అప్పు. ఇదీ పెట్టుబడి.

ఇక్కడే అసలు కథ ఉంది, దయచేసి ఈ అంకెలు ఓపిగ్గా చూడండి. యుద్ధం తర్వాత వెండి ధర పెరిగి రూపాయి మారకం రేటు ఎగబాకింది. 1920 మొదట్లో ప్రభుత్వం రూపాయిని 2 షిల్లింగుల దగ్గర నిలబెడతానంది. నిలబెట్టలేకపోయింది. 1921 నాటికి రూపాయి 1 షిల్లింగు 3 పెన్నీల దరిదాపులకి పడిపోయింది. ఇప్పుడు లెక్క వేయండి. 2 షిల్లింగుల రేటున 5,000 రూపాయలంటే 500 పౌన్లు. 1 షిల్లింగు 3 పెన్నీల రేటున అదే 5,000 రూపాయలు 312 పౌన్లు చిల్లర. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ వృథా చేయలేదు. రేటు మారినందుకే దాదాపు 190 పౌన్ల తేడా. బరోడా స్కాలర్‌షిప్ లెక్కన అది పదహారు నెలల తిండి, గది, పుస్తకాలు. ఆయన డబ్బు ఏ నెలలో ఏ రేటుకి మారిందో వివరంగా చెప్పలేం. కానీ రూపాయల్లో దాచుకుని పౌన్లలో ఖర్చుపెట్టే ప్రతి విద్యార్థీ ఆ ఏడాది ఈ జారుడుబండ మీదే ఉన్నాడు.

ఆ రోజుల్లో ఆయన తిండి ఇదీ. పొద్దున ఒక బ్రెడ్ ముక్క, కాస్త జామ్. తర్వాత రోజంతా బ్రిటిష్ మ్యూజియంలో, ఇండియా ఆఫీసు లైబ్రరీలో. రాత్రి పది దాటాక ఆకలేస్తే తెలిసినవాళ్లిచ్చిన అప్పడాలు కాల్చుకుని తినడం. 1921 నవంబర్ 25న ఆయన లండన్ నుంచి రమాబాయికి రాసిన ఉత్తరం ఒకటుంది. డబ్బు ఏర్పాటు చేస్తున్నాననీ, తానూ అక్కడ పస్తులే ఉన్నాననీ, ఆలస్యమైతే నగలు అమ్ముకుని తినమనీ, వచ్చాక మళ్లీ చేయిస్తాననీ దాని సారాంశం. నేను తెలుగు సాహిత్యంలో సందేశాల గురించి పాఠం చెప్తాను. మేఘం, హంస, జాషువా గారి గబ్బిలం. విరహం, వేదన అన్నీ చెప్తాం. "నగలమ్ముకుని తిను" అనే సందేశం మా సిలబస్‌లో లేదు. మన ఇళ్లకి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఆ రకానివే.

ఆ ఆకలితో ఆయన ఏం రాస్తున్నారు? రూపాయి మీదే రాస్తున్నారు. 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' ఆయన డి.ఎస్సి. సిద్ధాంత గ్రంథం. అందులో చాలా సాంకేతిక చర్చ ఉంది. మనకి కావాల్సిన ముక్క ఒకటి చెప్తాను. రూపాయి విలువ పడితే ఎగుమతులు పెరుగుతాయి, దేశానికి లాభం అని అప్పట్లో ఒక వాదన ఉండేది. ఆయన ఆ "దేశం"ని విప్పి చూపించారు. విలువ పడితే సరుకుల ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనకపడుతుంది. వ్యాపారికి వచ్చిన లాభం బయటి నుంచి వచ్చింది కాదు, ఇక్కడి కూలివాడి కంచంలోంచి తీసింది. అందుకే డబ్బు విలువ నిలకడగా ఉండాలి, ఇష్టం వచ్చినట్టు రూపాయలు ముద్రించే అధికారం ప్రభుత్వానికి ఉండకూడదు అన్నారు. ఇది లైబ్రరీలో చదివి చెప్పిన మాటే. అదే సమయంలో అది ఆయన జేబులోనూ, పరేల్ వంటగదిలోనూ రోజూ జరుగుతున్న మాట.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు అర్థమైంది. దినార్ రేటు పెరిగిందని పేపర్లో వస్తే నాన్న సంబరపడేవాడు. అమ్మ పంపిన అదే నలభై దినార్లకి రూపాయలు ఎక్కువ వచ్చేవి. కానీ నా నోటు పుస్తకంలో కుడి పక్క అంకెలు కూడా పెరుగుతూనే ఉండేవి. నెలాఖరుకి తేల్చేది అదే సున్నా. కువైట్ పంపిన పేటలో రేటు మాత్రమే పెరిగి, కూలి పెరగని ఇళ్లు మా చుట్టూ ఎన్నో ఉండేవి. వాళ్లకి ఆ సంబరం కూడా లేదు, ధరలు మాత్రం అవే.

1922లో థీసిస్ సమర్పించారు. పరీక్షకులు అభ్యంతరాలు చెప్పి తిరగరాయమన్నారు. లండన్‌లో కూర్చుని తిరగరాయడానికి డబ్బు లేదు. 1923 ఏప్రిల్‌లో బొంబాయి వచ్చి, ఇంట్లో కూర్చుని సరిచేసి పంపారు. ఆ ఏడాదే డిగ్రీ వచ్చింది, పుస్తకమూ అచ్చయింది. వకీలు సనదు తీసుకోవడానికి కూడా చేతిలో డబ్బు లేకపోతే మళ్లీ భథేనాయే సర్దారు. ఫ్లెక్సీ మీద డి.ఎస్సి. పక్కన బార్-ఎట్-లా అని రాస్తున్నాం కదా, ఆ రెంటికీ మధ్య ఉన్న అప్పు ఇది.

రమాబాయి లెక్క ఇంకా ఉంది. ఆ దంపతుల అయిదుగురు బిడ్డల్లో నలుగురు పసితనంలోనే పోయారు. ఆఖరివాడు రాజరత్న 1926 జూలైలో పోయాడు. పేదరికం, చాల్ గాలి, అందని వైద్యం, వీటి వాటా ఎంతో ఏ పద్దులోనూ తేలదు. 1935 మే 27న రమాబాయి కన్నుమూశారు. 'థాట్స్ ఆన్ పాకిస్తాన్' పుస్తకాన్ని బాబాసాహెబ్ ఆమె స్మృతికి అంకితమిచ్చారు. స్నేహితులు లేని, కొరతతో నిండిన ఆ రోజుల్లో తనతోపాటు బాధపడటానికి ఆమె సిద్ధపడిన తీరుని అందులో తలుచుకున్నారు. అప్పు ఒప్పుకోవడం అంటే అది. మనం చేయాల్సింది కూడా అదే.

ఇదంతా ఇప్పుడెందుకు? పోయిన నెల లండన్ నుంచి నా పాత విద్యార్థి ఒకడు రాత్రి ఒంటి గంటకి మెసేజ్ పెట్టాడు. "మేడం, వచ్చేద్దామనుకుంటున్నా." మా పక్క మండలం మాదిగ కుర్రాడు. వస్తుందనుకున్న స్కాలర్‌షిప్ విడత రాలేదు. వాళ్ల నాన్నకి ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన ఎకరం డీ-పట్టా. బ్యాంకుల ఎడ్యుకేషన్ లోన్‌లో ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి పూచీ అడుగుతారు. ఆ పట్టా కాగితం చూసి మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. వీసా కోసం ఖాతాలో 28 రోజులు డబ్బు చూపించాలి కాబట్టి అది వడ్డీకి తెచ్చి చూపించారు. చదువు మొదలవకముందే వడ్డీ మొదలైంది. కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. వాడు రోజుకి ఒక పూట తింటున్నాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అంటున్నాడు. వాళ్లమ్మ ఇక్కడ పుస్తెల తాడు తాకట్టు పెట్టి "ఏం ఇబ్బంది లేదు నాన్నా" అంటోంది.

నేను వాడికి ధైర్యం చెప్పలేదు. లెక్క అడిగాను. రెండు గంటలు కూర్చుని పద్దు రాశాం. మూడు పనులు చేయమన్నాను. మీకూ అవే చెప్తున్నాను.

ఒకటి, ఒకే పుస్తకంలో రెండు ఇళ్లూ రాయి. నీ గది అద్దె పక్కనే అమ్మ కట్టే వడ్డీ ఉండాలి. రెండు, ప్రతి అంకె పక్కన ఆ రోజు రేటు రాయి. రూపాయల్లో అప్పు, పౌన్లలో ఖర్చు ఉన్నవాడికి రేటు కూడా ఒక ఖర్చే, దానికి కొంత ముందే పక్కన పెట్టాలి. మూడు, ఇంటికి నిజం చెప్పు. బాబాసాహెబ్ పస్తులున్నానని భార్యకి రాశారు. దాచలేదు. అబద్ధం చెప్పుకునే రెండు ఇళ్లు విడివిడిగా మునుగుతాయి. నిజం తెలిసిన చోట ఏ నగ అమ్మాలో, ఏది ఉంచాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.

నాలుగోది వాడికి చెప్పేది కాదు, మనకి. భథేనా లేకపోతే ఆ డి.ఎస్సి. ఎలా పూర్తయ్యేదో తెలియదు. మన పిల్లలకి భథేనాలు తక్కువ. జయంతికి మనం పెట్టే ఫ్లెక్సీల, డీజేల ఖర్చు ఊరూరా ఎంతవుతుందో ఎవరి ఊరి లెక్క వాళ్లకి తెలుసు. అందులో సగం పక్కన పెట్టి, విడత ఆలస్యమైన పిల్లలకి మూడు నెలలు వడ్డీ లేకుండా సర్దే నిధి ఒకటి పెట్టుకోలేమా? మా కాలేజీలో పన్నెండు మందిమి మొదలుపెట్టాం. మొదటి డబ్బు ఆ కుర్రాడికే వెళ్లింది. వాడు రాలేదు, చదువుతున్నాడు.

మా అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ఈ వ్యాసం రాయకముందు ఆ పాత నోటు పుస్తకం తీసి, "అమ్మా, అక్కడ నీకు నెలకి ఎంతయ్యేది?" అని అడిగాను. పాతికేళ్లు దాటాక అడిగాను. కాసేపు ఆలోచించి వేళ్ల మీద లెక్కపెట్టింది. సబ్బు, తలనూనె, ఫోన్ కార్డు, ఉత్తరం. "రెండు దినార్లే" అంది. ఆ రెండు దినార్లూ మొన్న ఆ పుస్తకంలో రాశాను.

మీ ఇళ్లల్లోనూ అలాంటి పుస్తకం ఉంటుంది. తీసి చూడండి. రాయనిది ఏదో అడగండి.

జై భీమ్.